తేడా సరే, కారణం ఏది?

ఒక ఏడు మా నాన్న కొత్త ఎరువును తూము పక్క మడికీ, పాత ఎరువును చివరి మడికీ వేశాడు. కోతలప్పుడు "చూసినవా, కొత్తది ఎట్ల పనిచేసిందో!" అని మురిసిపోతే, మా నాయనమ్మ "ఎరువు పనిచేసిందా బిడ్డా, నీళ్ళా?" అన్నది.

ఆ ప్రశ్న నిరుడు నాకు గుర్తొచ్చి ఉంటే పరువు దక్కేది. 'చప్పుడు – జ్ఞాపకశక్తి' అని మనస్తత్వశాస్త్రంలో మాకొక ప్రాజెక్టు. ఉప్పల్‌లో నిమ్మళమైన వీధిలోని ఒక బడిలోనూ, నాచారం పారిశ్రామికవాడ పక్కనున్న ఇంకో బడిలోనూ పిల్లలకు ఇరవై మాటలు వినిపించి, గుర్తున్నవి రాయమన్నాం. నాచారం పిల్లలు తక్కువ రాశారు. యంత్రాల రొదే కారణమని తేల్చి, రంగురంగుల గ్రాఫు కూడా గీశాం.

లెక్చరర్‌గారు అడిగింది ఒక్కటే: "ఎన్నింటికి వెళ్ళారయ్యా?"

ఉప్పల్‌కు పదింటికి. టీ తాగి, కబుర్లాడి నాచారం చేరేసరికి పన్నెండున్నర. అన్నం గంట ఇంకా కొట్టలేదు. ఆ పిల్లలు మా మాటలు విన్నారో, వంటగది వైపు చెవి పెట్టారో! పైగా కొందరికి ఇంటి భాష తెలుగే కాదు. రొద, ఆకలి, భాష అన్నీ ఒకే వైపు పోగుపడ్డాయి. ఏది ఎంత చేసిందో విడదీసే దారి లేదు. పుస్తకాలు దీన్ని కన్‌ఫౌండింగ్ వేరియబుల్ అంటాయి. మా నాయనమ్మ నీళ్ళు అన్నది.

మార్కులు పోయాయని కాదు నా బాధ. ఆ గ్రాఫు అలాగే గోడకెక్కితే, కొన్నాళ్ళకు రొద సంగతి రాలిపోయి 'నాచారం పిల్లలకు బుర్ర తక్కువ' అన్న మాటే మిగిలేది.

నాచారానికి దగ్గర్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ 1968లో ఒక పరిశోధన ప్రచురించారు. పసితనంలో క్వాషియార్కర్ అనే తీవ్ర పోషకాహార లోపం సోకి కోలుకున్న 19 మంది పిల్లల తెలివిని 8–11 ఏళ్ళ ప్రాయంలో పరీక్షించారు. పోల్చడానికి దొరికినవాళ్ళను దొరికినట్టు తీసుకోలేదు. వయసు, కులం, ఆర్థిక స్థితి, కుటుంబ పరిమాణం, తల్లిదండ్రుల చదువు సరిచూసి జతలు కట్టారు. అయినా జబ్బుపడిన పిల్లలు వెనకబడే కనిపించారు.

అప్పటికీ నాకొక సందేహం. అదే కులం, అదే రాబడి ఉన్న ఇళ్ళల్లో ఈ బిడ్డకే జబ్బెందుకు వచ్చింది? తల్లి కూలికి పోతే చూసే దిక్కు లేకనా? అలాంటి ఇంట్లో బిడ్డతో మాట్లాడే తీరికా తక్కువే కదా! జత కట్టడం మనకు తోచిన కారణాలనే సరిచేస్తుంది. తోచనివాటికి చీటీలు వేసి పంచడమే మందు. 1920లలో ఫిషర్ ఈ పద్ధతిని తీర్చిదిద్దింది కూడా పొలం మళ్ళల్లోనే. కానీ ఏ బిడ్డ పస్తుండాలో చీటీలు వేయగలమా?

మా ప్రశ్నకు అంత చిక్కు లేదు. మన రికార్డు పుస్తకాల్లో ఫలితం రాయడానికి పేజీలున్నాయి. 'ఇంకేం కారణం కావచ్చు?' అని ప్రయోగానికి ముందే రాయడానికి ఒక్క పేజీ ఉండాలనీ, దానికీ మార్కులివ్వాలనీ అధ్యాపకులకు నా మనవి.

ఈసారి ఒకే బడికి, పిల్లలు అన్నం తిన్నాక వెళ్దామనుకున్నాం. చీటీలు తీసి సగం మందిని రోడ్డు వైపు గదిలో, సగం మందిని వెనక గదిలో కూర్చోబెడతాం. హెడ్మాస్టరుగారు ఒప్పుకోవాలి.