అయ్యవారి పేజీ: కొత్త రైఫిలు గురి ఎంత?

క్రిందటి సంచికలో బావినీళ్ళ ఉప్పదనం గురించి వ్రాశాను. ఈసారి తుపాకీ గురించి. "ఆడవాళ్ళూ పిల్లలూ చదివే పత్రికలో తుపాకీ ఏమిటండీ?" అని సంపాదకులు గారు కనుబొమలు ముడిచారు. ఈ కథలో తుపాకీ పట్టింది ఆడపిల్లే అని చెప్పాక సరేనన్నారు.

మన ధర్మపురివాళ్ళకు తుపాకీ అనగానే రెండే గుర్తుకొస్తాయి. ఒకటి కొండపల్లెల నాటుతుపాకులు, రెండోది 2004 అక్టోబరులో పాప్పారపట్టి దగ్గర వీరప్పన్ కథ ముగిసిన రాత్రి. కాస్త పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకైతే కెన్నెత్ ఆండర్సన్ గుర్తుకొస్తాడు. పెన్నాగరం, హొగేనకల్ అడవుల్లో పులుల వెంట తిరిగి ఆ కథలన్నీ వ్రాసినాయన పుట్టింది మన సికిందరాబాదు బొల్లారంలో, 1910లో. 1972 చట్టంతో వేట ముగిసింది. నేను చెప్పబోయే తుపాకీ దేన్నీ చంపేది కాదు. యాభై మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పెట్టేది.

దీన్ని పాయింట్ 22 రైఫిలు అంటారు. ఎన్.సి.సి.లో చేరిన ప్రతి పిల్లవాడూ బోర్లా పడుకుని ఒక్కసారైనా పేల్చి ఉంటాడు. దీని తూటాలో మందు అంటుకునే మసాలా మధ్యలో ఉండదు, అడుగు అంచు చుట్టూ ఉంటుంది. సుత్తి ఆ అంచుమీద ఎక్కడ కొట్టినా పేలుతుంది. 1845లో ఫ్లోబేర్ అనే ఫ్రెంచివాడు ఈ దారి పట్టాడు. 1857లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు చిన్న 22 తూటా చేశారు. ఈనాడు ప్రపంచమంతా వాడే లాంగ్ రైఫిల్ రకం 1887 నాటిది. గుండు బరువు రెండున్నర గ్రాములు దాటి కొంచెం. పందెపు తూటా సెకనుకు 325 మీటర్ల చొప్పున పోతుంది, అంటే ధ్వనికంటే కొంచెం తక్కువ వేగం. కావాలనే అలా చేస్తారు. ధ్వనివేగం దాటి పోయిన గుండు మళ్ళీ దాని క్రిందికి దిగేటప్పుడు తూలుతుంది, గురి చెడుతుంది.

చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చింది గాలి తుపాకీతో. ఈ 22తో ఆయన 2014 కామన్వెల్త్ ఆటల్లో వెండి తెచ్చారు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వాడే 25 మీటర్ల పిస్తోలులోనూ ఈ అంచు తూటాయే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలుతో కంచు గెలిచాడు. ఆ మూడు భంగిమల పోటీలో మనదేశానికి అదే మొదటి పతకం.

ఇక మన ఊరి సంగతి. మన సంఘంలోని ఒక పట్టుగూళ్ళ వ్యాపారి కూతురు, ఇరవై రెండేళ్ళది, కాలేజీలో ఎన్.సి.సి. చేసినప్పటినుంచీ గురి మీద మనసు పెట్టుకుంది. క్లబ్బు రైఫిలుతో బాగానే కొట్టేది. లైసెన్సు, పోలీసు విచారణ, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం, అన్నీ అయి పోయిన ఏడాది సొంతంగా కొత్త పందెపు రైఫిలు కొన్నారు. దానికోసం పెన్నాగరం దారిలో ఉన్న అర ఎకరం చింతతోపు అమ్మేశారు. కొత్తది చేతికి వచ్చిన దగ్గరనుంచీ పిల్ల మార్కులు పడిపోయాయి. కోచ్ గారు నీ పట్టు చెడింది అన్నారు. అమ్మినాయన రైఫిలుతో వచ్చిన ఫ్యాక్టరీ పరీక్ష కాగితం చూపించి "దీనికి వంక పెడతారా?" అన్నాడు. తండ్రికి మోసపోయామేమో అని నిద్ర పట్టలేదు. "అయ్యవారూ, సగం ధరకైనా అమ్మేస్తాను, మీరొకసారి చూడండి" అని వచ్చాడు. పిల్ల మాత్రం ఏమీ అనలేదు. సేలం వైపు రేంజికి పోవడం మానేసి ఇంట్లో కూర్చుంది. పక్కనున్న వాళ్ళ నాయనమ్మ ఒక్కతే "అమ్మేస్తే తోపు తిరిగొస్తుందా?" అన్నది.

నేను సైన్సు చెప్పినవాణ్ణి, బడిలో ఎన్.సి.సి. కూడా చూసుకున్నాను. పట్టు చెడిందా, గొట్టం చెడిందా, తూటా చెడిందా అని వాదించుకుంటే తేలదు. మూటిని విడదీసి కొలవాలి.

ముందు మనిషిని తీసేయాలి. బల్లమీద ముందొక ఇసుక మూట, వెనకొక ఇసుక మూట పెట్టి రైఫిలును వాటిమీద పడుకోబెట్టాం. కంటి తేడా రాకుండా టెలిస్కోపు బిగించాం. పేల్చేవాళ్ళు చేయాల్సింది గీత చూసుకుని మీట నొక్కడమే. ఇక తూటాలు మూడు రకాలు. ఆమె రోజూ సాధనకు వాడే చవకరకం ఒకటి, అమ్మినాయన పోటీలకని అంటగట్టిన ఖరీదురకం ఒకటి, కోచ్ గారి దగ్గర మిగిలిన నడిమి ధర రకం ఒకటి. పేర్లు కనబడకుండా వేరే డబ్బాల్లో పోసి క, ఖ, గ అని వ్రాశాను. ఏది ఏదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఖరీదైనది అని తెలిస్తే వేలు కూడా మర్యాదగా నొక్కుతుంది, అది మానవ స్వభావం.

ఇంకొక చిక్కుంది. సీసపు గుండుకు మైనం పూత ఉంటుంది, ఆ పూత గొట్టం లోపల అంటుకుంటుంది. రకం మార్చగానే కొట్టే మొదటి కొన్ని దెబ్బలు పాత మైనం మీదే పోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. అందుకని మార్చిన ప్రతిసారీ పది తూటాలు మట్టిగోడకు సమర్పించాం. ఒకదాని తర్వాత ఒకటి వరసగా కొడితే చివరిదానికి ఎండ, గాలి ఎక్కువ తగులుతాయి గనుక మొదట క, ఖ, గ, తర్వాత వెనక్కి గ, ఖ, క. ఒక్కో వంతుకు ఐదేసి దెబ్బల గుంపులు మూడు. మొత్తం 18 గుంపులు, 90 దెబ్బలు, మైనానికి పోయినవి 50. నూటనలభై తూటాలు! ఒక్కోటి హోటల్లో కాఫీ ధర దాటుతుందని ఆ తండ్రి వేళ్ళమీద లెక్కపెడుతూనే ఉన్నాడు.

గాలి సంగతి కూడా చెప్పాలి. సెకనుకు మూడు మీటర్ల పక్కగాలి, అంటే ఆకులు బాగా కదిలేంత గాలి, యాభై మీటర్లలో ఈ గుండును ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు నెడుతుంది. గురికాగితం మీద పదిమార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే! కొబ్బరి ఈనెలకు నూలుదారం కట్టి దారిపొడుగునా గుచ్చాం. దారం వేలాడినప్పుడే పేల్చాలి. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించాం. ఆ తర్వాత మన ధర్మపురి ఎండకు నేల ఆవిరి ఎత్తి గురికాగితమే ఈదుతున్నట్టు కనిపిస్తుంది. తూటాల డబ్బా నీడలో ఉంచాం. వేడెక్కితే మందు వేగంగా మండి గుండు వేగం మారుతుంది.

కొలవడం వెర్నియర్‌తో. గుంపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య కొలిచి, ఒక చిల్లు వెడల్పు తీసేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. మిల్లీమీటర్లలో ఇవీ ఫలితాలు. క: 14, 22, 25, 31, 33, 37, సగటు 27. ఖ: 13, 15, 17, 18, 20, 22, సగటు 17.5. గ: 8, 10, 10, 11, 12, 15, సగటు 11.

ఇందులో ఒక తమాషా చూడండి. అన్నిటికంటే చెడ్డదైన క కొట్టిన ఉత్తమమైన గుంపు, మంచిదైన గ కొట్టిన చెడ్డ గుంపుకంటే చిన్నది. ఒక్క కాగితం చింపి జేబులో పెట్టుకుని ఊరంతా చూపించేవాళ్ళు చేసేది ఇదే. అమ్మినాయన ఫోనులో చూపించిన బొమ్మ మూడు దెబ్బలదే. మూడు దెబ్బల గుంపు సాధారణంగా ఐదింటికంటే చిన్నగా వస్తుంది, సగటున నాలుగింట మూడువంతులు దాటి కొంచెం. పది కొడితే పావువంతు పెరుగుతుంది. రైఫిలుకు గౌరవం ఇవ్వాలంటే సగటు అడగాలి, అన్ని కాగితాలూ అడగాలి. ఫ్యాక్టరీ కాగితం అబద్ధం కాదు. అది యంత్రంలో బిగించి, గాలి లేని చోట, వాళ్ళకు నచ్చిన తూటాతో కొట్టింది. ఆ తూటా డబ్బా మనకు ఇవ్వరు.

డబ్బాలమీద పేర్లు విప్పాక అందరూ నోళ్ళు తెరిచారు. క చవకది, సరే. ఖ అన్నిటికంటే ఖరీదైనది! గ నడిమి ధరది. ఖ గుంపులు అడ్డంగా సన్నగానే ఉన్నాయి, నిలువుగా సాగాయి. అంటే తూటాకూ తూటాకూ వేగం మారుతోంది. యాభై మీటర్లు పోయేలోపల గుండు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు క్రిందికి జారుతుంది. వేగం సెకనుకు పది మీటర్లు తగ్గితే ఇంకో ఏడెనిమిది మిల్లీమీటర్లు జారుతుంది. తడి మసాలాను తూటా అడుగున వేసి గిరగిరా తిప్పి అంచులోకి ఎక్కిస్తారు గనుక ఒక లాటుకూ ఇంకొక లాటుకూ పోలిక ఉండదు. అదే కంపెనీ వేరే లాటు ఈ గొట్టానికి అమృతంలా పనిచేయవచ్చు. అందుకే పెద్ద ఆటగాళ్ళు రైఫిలు తీసుకుని తూటా కంపెనీల పరీక్షశాలలకే వెళ్ళి, నచ్చిన లాటు వేలకొద్దీ కొనుక్కుంటారు.

ఇప్పుడు మనిషి. "బల్ల వదిలి మామూలుగా పడుకుని గ తో పది కొట్టమ్మా" అన్నాను. "నా పట్టే చెడిందేమో తాతా, ఎందుకు మళ్ళీ?" అంది. కొట్టింది. గుంపు 24 మిల్లీమీటర్లు వచ్చింది. గ తో పది దెబ్బలకు రైఫిలు వాటా సుమారు 13.6. ఇటువంటి తేడాలు మామూలుగా కూడవు, వర్గాలు కూడుతాయి, మన పైథాగరస్ సూత్రంలాగే. 24 వర్గంలోంచి 13.6 వర్గం తీసేసి వర్గమూలం కడితే పిల్ల వాటా 20. అదే పిల్ల, అదే పట్టు, క తూటాతో కొడితే లెక్క ప్రకారం 39 రావాలి. ఖ తో 30. ఆమె సాధన పుస్తకంలోని పాత కాగితాలు తీసి కొలిచాం. చవక తూటావి 36 నుంచి 42 మధ్య ఉన్నాయి.

గుండు వలయం గీతను తాకితే చాలు పై మార్కు ఇస్తారు గనుక, గుండు కేంద్రం 16 మిల్లీమీటర్ల వలయంలో పడితే పది, 32లో పడితే తొమ్మిది. 24కూ 39కీ తేడా అంటే ఎక్కువగా పదులూ కొన్ని తొమ్మిదులూ పడే చోట, ఎనిమిదులు కూడా చేరడం. 2012 లండన్‌లో పడుకుని కొట్టే పోటీలో జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కంచుకూ ఆయనకూ తేడా రెండు పాయింట్ల లోపే.

కోచ్ గారి మాటలో కూడా నిజం ఉంది. ఆ 20 ఇంకా తగ్గాలి, అది సాధన పని. కానీ చెత్త తూటాతో సాధన చేస్తే తప్పు ఎవరిదో పిల్లకు తెలియదు. బాగా కొట్టిన దెబ్బ ఎనిమిదిలో పడుతుంది, తడబడిన దెబ్బ పదిలో పడుతుంది. చేయి ఏం నేర్చుకుంటుంది? డబ్బు పొదుపు చేయాలంటే దెబ్బలు తగ్గించాలి కానీ తూటా దించకూడదని నా అభిప్రాయం. కోచ్ గారు ఒప్పుకోలేదు, సగానికి సగం వాడమన్నారు.

ఇంట్లో పిల్లలకు ఈ వ్యాసం చదివి వినిపించేవాళ్ళు ఒక మాట కూడా చెప్పండి. ఈ చిన్న గుండు యాభై మీటర్ల దగ్గర ఆగదు. మట్టిగోడ లేకపోతే కిలోమీటరున్నర దాకా పోగలదు. రేంజిలో ఎర్రజెండా ఎగురుతుంటే ముందుకు అడుగు వేయకూడదు, గొట్టం ఎప్పుడూ గోడవైపే ఉండాలి. వచ్చాక సీసం అంటిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిను.

రైఫిలు అమ్మడం మానేశారు. గ డబ్బామీది లాటు నంబరు వ్రాసుకుని తండ్రి కోయంబత్తూరు దాకా ఫోన్లు చేశాడు. లైసెన్సులో కొనడానికి ఉన్న పరిమితి మేరకు దొరికినన్ని తెచ్చాడు. అమ్మినాయన మిగిలిన ఖరీదు డబ్బాలు వెనక్కి తీసుకోనన్నాడు. వాటిని వేరే రైఫిలున్నవాళ్ళు ఎవరైనా పరీక్షించి తీసుకుంటారేమో చూస్తున్నాం. రాష్ట్రపు పోటీ ఇంకా ఆరు వారాలుంది. పిల్ల మళ్ళీ శనాదివారాలు రేంజికి పోతోంది. క్లబ్బు రైఫిళ్ళు రెండు కూడా ఇలాగే చూడమని కోచ్ గారు అడిగారు. వచ్చే నెల రెండో ఆదివారం పెట్టుకున్నాం.