బొండాం, సిరప్పు, బిళ్ల

రాజోలు దగ్గర ఓ పల్లెలో మా పెద్ద మావయ్యగారి ఇల్లు. హాల్లో గోడకి అలమారు ఉంటుంది. పైఅరలో దేవుడి పటాలు, కిందిఅరలో మందులు. ఆమధ్య సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కిందిఅరలో రెండు కనిపించాయి. ఒకటి సగం ఖాళీ అయిన పొటాషియం క్లోరైడ్ సిరప్పు సీసా. రెండోది స్పైరనోలాక్టోన్ 25 మిల్లీగ్రాముల బిళ్లల స్ట్రిప్పు.

“రెండూ వేస్తున్నారా అత్తయ్యా?” అనడిగాను.

“వేస్తున్నానమ్మా. సీసా మందు నీరసానికి. బిళ్లేమో నీరు లాగడానికి” అంది అత్తయ్య. వీటికి తోడు పొద్దున్నే ఓ బొండాం. సొంత తోటలోదే.

నేను చదివింది జర్నలిజం డిప్లొమా, డాక్టరీ కాదు. ఆరోగ్యం పేజీలకి ఎన్నో వ్యాసాలు రాశాను గానీ, ఆ మూడూ పక్కపక్కనే చూసినా నాకేమీ తట్టలేదు. అరిసెలు తిని, కోడిపందేల కబుర్లు విని ఊరొచ్చేశాను. పది రోజులు తిరక్కుండానే రాత్రి పదకొండింటికి ఫోను. మావయ్య కాళ్లు బరువెక్కి మంచం దిగలేకపోతున్నారని, నాడి బాగా నెమ్మదించిందని, కారులో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని. రక్తపరీక్షలో పొటాషియం 6.8 వచ్చింది. ఉండాల్సింది లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య.

అప్పుడు మొదలుపెట్టాను, ఈ రెండు మందుల సంగతేమిటో తెలుసుకోవడం.

అసలు కథ అంతకు మూడు నెలల ముందు మొదలైంది. మావయ్యకి గుండె పంపింగు తగ్గింది. పాదాలు వాచాయి, నాలుగడుగులేస్తే ఆయాసం. డాక్టరు ఫ్యూరోసెమైడ్ రాశారు. మన ఇళ్లలో ‘నీరు లాగే బిళ్ల’ అనేది దీన్నే. ఇది కిడ్నీల మీద పనిచేసి ఒంట్లో చేరిన ఉప్పునీ నీటినీ మూత్రంలోకి తోలేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ నీటితోపాటు పొటాషియమూ కొట్టుకుపోతుంది. వాపు దిగింది గానీ రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, ఒకటే నీరసం. పరీక్ష చేయిస్తే పొటాషియం 2.9. అందుకే సిరప్పు ఇచ్చారు. అది సరైన వైద్యమే.

నెల తిరిగాక పొటాషియం 4.3కి వచ్చింది. అప్పుడు డాక్టరు స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టారు. కొత్త చీటీలో సిరప్పు లేదు. ఆపేయమని ఆయన ఉద్దేశం. కానీ చీటీ మీద ఏవి వేసుకోవాలో ఉంటుంది గానీ ఏవి మానాలో ఉండదు కదా! ‘సిరప్పు ఆపండి’ అని ఒక్క ముక్క ఎవరూ రాయలేదు, చెప్పలేదు. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో మరో సీసా ఇచ్చారు. డాక్టరుది ఒక వంతు, షాపుది ఒక వంతు, ఆ అలమారు చూసి కూడా ఊరుకున్న నాది ఒక వంతు.

ఈ రెండింటికీ తేడా కోనసీమ వాళ్లకి చెప్పడం తేలిక. చేలో నీరు తగ్గిందనుకోండి. కాలువ నుంచి నీళ్లు పెట్టడం ఒక పద్ధతి. కింద తూము మూసేసి ఉన్న నీరు పోకుండా ఆపడం ఇంకో పద్ధతి. పొటాషియం సిరప్పు నీళ్లు పెట్టే పని చేస్తుంది. స్పైరనోలాక్టోన్ తూము మూస్తుంది. ఒంట్లో ఆల్డోస్టెరోన్ అనే హార్మోను ఉంటుంది. ఉప్పుని ఒంట్లో నిలిపి, పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేయమని కిడ్నీలకి చెప్పేది అదే. స్పైరనోలాక్టోన్ ఆ హార్మోనుకి అడ్డుపడుతుంది. దాంతో ఉప్పూ నీరూ బయటికి పోతాయి, పొటాషియం మాత్రం లోపలే ఉండిపోతుంది. తూము మూసేసి, పైనుంచి నీళ్లూ పెడుతూంటే గట్టు తెగదూ?

సిరప్పు సంగతి ముందు చూద్దాం. మన దగ్గర దొరికే చాలా సీసాల్లో 15 మిల్లీలీటర్లకి ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు. అన్ని కంపెనీలదీ ఒకే లెక్క కాదు కాబట్టి చెంచాల లెక్కన కాకుండా సీసాతో వచ్చే కొలత మూతతోనే పోసుకోవాలి. పొటాషియం పడిపోకుండా చూడ్డానికి సాధారణంగా రోజుకి 20 మిల్లీ ఈక్వివలెంట్లు సరిపోతాయి. పడిపోయినవాళ్లకి 40 నుంచి 100 వరకూ ఇస్తారు, అదీ విడతలుగా. ఒక్కసారి తాగేది 20 దాటకపోవడం మంచిది. అన్నం తిన్నాక, గ్లాసు నీళ్లలో కలిపి, మెల్లగా గుటకలేస్తూ తాగాలి. కలపకుండా నేరుగా గొంతులో పోసుకుంటే కడుపులో మంట, వాంతి ఖాయం. రుచి గురించి చెప్పక్కర్లేదు. మావయ్య దాన్ని ‘ఉప్పుటేరు నీళ్లు’ అనేవారు. ఇదే మందు నెమ్మదిగా కరిగే బిళ్లలుగానూ దొరుకుతుంది. వాటిని నమలకూడదు, పొడి చేయకూడదు. నిండుగా నీళ్లు తాగి మింగాలి, మింగగానే పడుకోకూడదు. గొంతులో ఎక్కడైనా ఆగితే అక్కడ పుండు పడుతుంది.

సిరప్పు ఎంతకాలం అంటే, రక్తపరీక్షలో అంకె సర్దుకునేదాకా, డాక్టరు చెప్పినంతవరకూ. అది టానిక్కు కాదు. నీరసంగా ఉందని పక్కింటివాళ్లు అడిగినా ఇవ్వకండి. నీరసం పొటాషియం తగ్గినా వస్తుంది, పెరిగినా వస్తుంది. చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

స్పైరనోలాక్టోన్ మాత్రం దీర్ఘకాలం నడిచే మందు. 1960ల తొలినాళ్ల నుంచీ వాడుకలో ఉంది. గుండె బలహీనపడినవాళ్లకి రోజుకి పన్నెండున్నర లేదా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైతే 50కి పెంచుతారు. ఎన్ని మందులు వేసినా దిగని బీపీకీ ఇస్తారు. లివర్ దెబ్బతిని పొట్టలో నీరు చేరినవాళ్లకి ఇంకా పెద్ద డోసులు, రోజుకి 100 మిల్లీగ్రాములు, ఆపైన కూడా. దీని పని ఫ్యూరోసెమైడ్ లా గంటలో కనిపించదు, కొన్ని రోజులు పడుతుంది. కొందరు మగవాళ్లలో రొమ్ముల దగ్గర వాపు, నొప్పి వస్తాయి. సిగ్గుపడి దాచుకునేవాళ్లే ఎక్కువ. డాక్టరుకి చెబితే మార్చడానికి ఎప్లెరినోన్ లాంటి వేరే మందులున్నాయి.

ఈ మందుకి గుండె వైద్యంలో ఇంత పేరు రావడానికి 1999లో వెలువడిన రేల్స్ అనే పరిశోధన కారణం. గుండె బాగా బలహీనపడిన 1,663 మందిమీద చేశారు. మామూలు మందులకి స్పైరనోలాక్టోన్ కలిపి ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. ప్రపంచమంతటా డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి కథ కూడా తెలుసుకోవాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో లెక్కలు తీశారు. 1994లో ఇలాంటి రోగుల్లో వెయ్యికి 34 మందికే ఈ మందు రాసేవారు. 2001 చివరికి అది 149కి చేరింది. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు అదే కాలంలో వెయ్యికి 2.4 నుంచి 11కి పెరిగారు. 2004లో ఈ లెక్కలు అచ్చయ్యాయి. పరిశోధనలో ఉన్నవాళ్లకి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు జరిగాయి, కిడ్నీలు బాగున్నవాళ్లనే ఎంచుకున్నారు. బయట జనానికి రెండూ కుదరలేదు. అంత సదుపాయాలున్న కెనడాలోనే ఇలా జరిగితే, లంకగ్రామం నుంచి పడవ దాటి పరీక్షకి రావాల్సినవాళ్ల మాటేమిటి?

అందుకే ఈ బిళ్ల మొదలుపెట్టే ముందు పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. పొటాషియం అప్పటికే 5 దాటి ఉంటే మొదలుపెట్టరు. మొదలుపెట్టాక వారానికోసారి, నెలకోసారి, తర్వాత మూడేసి నెలలకోసారి చూస్తూ ఉండాలి. 5.5 దాటితే తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఇక్కడో చిన్న పక్కమాట. చెయ్యికి పట్టీ గట్టిగా బిగించి, పిడికిలి పదేపదే మూయించి రక్తం తీసినా, తీసిన రక్తం ల్యాబుకి చేరేలోగా గంటల తరబడి ఆలస్యమైనా, కణాల్లోని పొటాషియం బయటికి కారి అంకె దొంగగా పెరుగుతుంది. ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది మరి! ఊళ్లో రక్తం తీసి బస్సులో పట్నానికి పంపే చోట్ల ఇది గుర్తుంచుకోవాలి. మనిషి కులాసాగా ఉండి అంకె మాత్రం భయపెడితే డాక్టర్లు ఇంకోసారి పరీక్ష చేయిస్తారు. అలాగని ఆ రెండో పరీక్షకి వారం ఆగకూడదు, ఆరోజే చేయించాలి.

ఇక బొండాం దగ్గరికొద్దాం.

కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకి సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కాయ రకాన్ని బట్టి, ముదురుని బట్టి కొంత అటూ ఇటూ. 300 మిల్లీలీటర్ల నీళ్లున్న బొండాంలో 750. ఇందాక చెప్పిన సిరప్పు ఒక మోతాదులో ఉండేది సుమారు 780. అంటే ఓ మంచి బొండాం ఇంచుమించు ఓ మోతాదు సిరప్పు! ఓ మోస్తరు అరటిపండులో 400. అంబాజీపేట కొబ్బరికీ రావులపాలెం అరటికీ పేరుమోసిన సీమలో ఉంటూ పొటాషియం ఎక్కడిదని అడగక్కర్లేదు. కొబ్బరి మొదట్లో మనం కిలోల లెక్కన వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, ఆ సీసాలోని మందు రసాయనంగా ఒకటే, పొటాషియం క్లోరైడే. చెట్టుకి వేసిన పొటాష్ వేర్లనుంచి గెలకెక్కి, బొండాంలో దిగి, మనదాకా వస్తుందన్నమాట.

మావయ్యకి ఈ లెక్క చెప్పినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. “మన చెట్టు, మన కాయ. ఇందులో విషమేంటమ్మాయ్?” అన్నారు. విషం కాదు మావయ్యా. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది. రోజూ ఓ బొండాం తాగినా ఏమీ కాదు. డెబ్భై దాటిన వయసు, పాతికేళ్ల షుగరు, ఆపైన తూము మూసే మందు. అలాంటివాళ్లకి పోయే దారి సన్నబడిపోయింది. పైగా గుండె పంపింగు తగ్గినవాళ్లలో చాలామందికి రోజుకింతే నీళ్లు తాగాలని డాక్టరు కొలత పెడతారు. బొండాం నీళ్లు కూడా ఆ కొలతలోవే. మరి సిరప్పు బదులు బొండాం తాగితే సరిపోతుందా అంటారా? దానికీ లేదు. కాయకాయకీ మారే అంకెని పట్టుకుని వైద్యం చేయలేరు.

మావయ్య వేసుకునే బీపీ బిళ్ల రామిప్రిల్. పేరు చివర ‘ప్రిల్’ అని ఉన్నవీ, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి ‘సార్టాన్’లూ కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతాయి. గుండె జబ్బులో వీటినీ స్పైరనోలాక్టోన్ నీ కలిపి వాడటం మామూలే, పరీక్షలు జరుగుతున్నంతకాలం మంచిదే. ఆ జతలోకి మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బిళ్లలు వచ్చి చేరితేనే ప్రమాదం. అవి కిడ్నీల పని మందగింపజేస్తాయి. మూత్రంలో మంటకి ఇచ్చే ట్రైమెథోప్రిమ్ ఉన్న బిళ్లలూ పొటాషియాన్ని పెంచుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు స్పైరనోలాక్టోన్ ఆపాలో వద్దో ఆరోజే ఫోను చేసి డాక్టర్ని అడగాలి. ఓఆర్ఎస్ గురించీ అప్పుడే అడగండి. లీటరుకి కలుపుకునే పొట్లంలోనూ ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది.

ఇంకొకటి, బీపీ ఉన్నవాళ్లకని అమ్మే సోడియం తక్కువ ఉప్పు. అందులో సోడియం తగ్గించిన మేరకి కలిపేది పొటాషియం క్లోరైడ్ నే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పు వాడకం మంచిదేనంది. అయితే గర్భిణులకీ, పిల్లలకీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకీ, పొటాషియం బయటికి పోవడానికి అడ్డంకులున్నవాళ్లకీ ఈ సలహా కాదని అందులోనే ఉంది. స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్లు ఈ చివరి కోవలోకి వస్తారు.

ఆ రాత్రి ఆసుపత్రిలో ముందు ఈసీజీ తీశారు. అలలు మామూలుకంటే పొడుగ్గా, మొనదేలి ఉన్నాయట. నరంలోకి కాల్షియం ఇచ్చారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెకి కాస్త గడువిస్తుంది. తర్వాత గ్లూకోజుతో ఇన్సులిన్. అది రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. తెల్లారేసరికి 5.6కి దిగింది. మూడోరోజుకి 4.9. అత్తయ్య ఆ మూడు రోజులూ వరండాలో బెంచీ మీదే కూర్చుంది. “నేనే పోశానమ్మా, నా చేత్తో నేనే” అని అదే మాట. ఆమె చేసిందల్లా రాసింది రాసినట్టు ఇవ్వడం.

ఇప్పుడు సిరప్పు లేదు. స్పైరనోలాక్టోన్ కొన్నాళ్లు ఆపి, మళ్లీ పన్నెండున్నరతో మొదలుపెట్టారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అత్తయ్య చీటీలతోపాటు అలమారులో ఉన్న మందులన్నీ ఓ సంచిలో వేసుకుని వెళ్తోంది. బల్లమీద గుమ్మరించి, “ఇందులో మానేయాల్సినవి తీసేయండి బాబూ” అంటుందట. తీసేసినవాటి మీద డాక్టరు ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంటూ కొట్టి ఇస్తున్నారు. మొన్న పరీక్షలో పొటాషియం 4.6.

బొండాం మాత్రం పూర్తిగా మానలేదు. కొబ్బరి దింపు రోజున డాక్టరుకి ఫోను చేసి అడిగి మరీ అరగ్లాసు తాగుతున్నారు. మిగతా సగం అత్తయ్యది.