సముద్రపు నాచుతో నక్కవాగు నీరు బాగవుతుందా?

పటాన్‌చెరు: కలుషిత నీటిలోని విషలోహాలను సముద్రపు నాచుతో తొలగించవచ్చునని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. నాచు పెంపకానికి 2020 నుంచి కేంద్రం మత్స్య సంపద పథకం కింద ప్రోత్సాహం ఇస్తున్నందున ఈ మాటకు కొత్త బలం చేకూరింది. నక్కవాగు వెంబడి రైతులకు ఇది ఏమేరకు అక్కరకు వస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వెలసిన తర్వాత ఫ్యాక్టరీల మురుగు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలిసిన సంగతి పాఠకులకు విదితమే. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. పొలాలు దెబ్బతిన్న రైతులకు నష్టపరిహారం, గ్రామాలకు మంచినీరు ఇవ్వవలసిందిగా కోర్టు ఆదేశించింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2001లో కేసు హైకోర్టుకు బదిలీ అయింది. ఇంత జరిగినా, భూమిలోకి దిగిన లోహం దానంతట అది పోయేది కాదు. నీటిని కాచినా, గుడ్డతో వడకట్టినా పోదు.

నాచు చేసే పని

సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు ఇందుకు బాగా పనికివస్తుంది. తమిళనాడులోని మన్నారు తీరాన, మన విశాఖ తీరపు రాళ్లమీద ఇది పెరుగుతుంది. ఇందులో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉన్నది. నాచును ఎండబెట్టి, ముక్కలు చేసి, గొట్టంలో కూరి, అందులోంచి నీటిని పంపితే ఆ జిగురు తనలోని కాల్షియం, సోడియంలను వదలి, నీటిలోని సీసం, రాగి, కాడ్మియంలను పట్టుకొంటుంది. నాచు బతికి ఉండనవసరం లేదు. చింతపండుతో తోమితే రాగిచెంబు చిలుము వదిలినట్లు, పలుచని ఆమ్లంతో కడిగితే పట్టిన లోహం ఊడివస్తుంది. ఆ నాచును మళ్లీ వాడుకోవచ్చు.

చిక్కు ఎక్కడ?

అయితే నక్కవాగు ప్రాంతపు నీటిలో ఆర్సెనిక్, అంటే పాషాణం, ఉన్నట్లు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు లోగడనే కనుగొన్నారు. నీటిలో పాషాణం స్వభావం సీసం వంటిది కాదు. అందువల్ల మామూలు నాచుకు అది సరిగా చిక్కదు. నాచుకు ఇనుము పట్టించడం వంటి పని ముందుగా చేయవలసి ఉంటుంది. నీరు బాగా పుల్లగా ఉన్నా, ఉప్పులు ఎక్కువగా ఉన్నా నాచు పట్టు సడలుతుంది. మందుల కంపెనీల మురుగులో ఉప్పుల బెడద ఎక్కువ. తాగేనీటిలో పాషాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే వెయ్యి లీటర్లకు 10 మిల్లీగ్రాములు మించరాదని దేశ ప్రమాణం చెబుతున్నది. ఇంత సూక్ష్మమైన లెక్క కంటికి, నాలుకకు తెలిసేది కాదు.

రైతులు గమనించవలసినవి

నాచు లోహాన్ని పట్టుకొంటుందే గాని నాశనం చేయదు. కనుక నాచు తెచ్చి బావిలోనో, చెరువులోనో వేసినందువల్ల ప్రయోజనం లేదు. అది కుళ్లితే పట్టిన లోహం తిరిగి బురదలోనే చేరుతుంది. లోహం పట్టిన నాచును పశువులకు మేపరాదు, ఎరువుగా చల్లరాదు.

నాచుకు తగిన చోటు ఫ్యాక్టరీ గేటు లోపల, మురుగు కాలువ మొదట్లో. అక్కడ ఏ లోహం ఎంత ఉన్నదో తెలుస్తుంది, పట్టిన లోహాన్ని అప్పగించే బాధ్యత కూడా యజమానిపైనే ఉంటుంది. వాగులో కలిసిన తర్వాత ఆ బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

ఈలోగా గ్రామాల వారు చేయదగిన పని ఒకటున్నది. బోరు నీటిని పరీక్షించినపుడు ‘బాగున్నది’, ‘బాగులేదు’ అన్న జవాబుతో సరిపెట్టుకోరాదు. పాషాణం ఎంత, సీసం ఎంత, కాడ్మియం ఎంత అన్నది అంకెలతో సహా కాగితం మీద రాయించుకోవాలి. ఆ అంకెలు చేతికి వస్తేగాని, నాచు పనికివస్తుందా, మరో మార్గం చూడాలా అన్నది తేలదు.