పరదేశమున పంతులమ్మ కొలువు: కాగితములు, కాసులు

గత మాసమున మాకు చేరిన యుత్తరములలో కల్వకుర్తి నుండి యొక సోదరి వ్రాసిన దానిని మేము రెండు మారులు చదివితిమి. ఆమె ఇంగ్లీషున ఎం.ఏ., పిమ్మట బి.ఇడి. చదివి, ఆ యూరనే యొక ప్రైవేటు బడిలో ఆఱేండ్లుగా ఇంగ్లీషు చెప్పుచున్నది. ఇద్దఱు బిడ్డలు. పెనిమిటికి విత్తనములు, ఎరువులు అమ్ము దుకాణము. దుబాయిలో నొక పాఠశాలలో కొలువున్నదని హైదరాబాదులోని ఏజెంటొకడు చెప్పెనట. లక్షా ఎనుబది వేల రూపాయలు కట్టవలెనట. మొదట విజిట్ వీసా మీద పోయి బడిలో చేరినచో, తక్కిన కాగితము లన్నియు నచ్చటనే యగునట. నియామక పత్రమని చెప్పి వాట్సాపులో నొక చిత్రమును పంపినాడు. అత్తగారు తన మెడలోని నాలుగు తులముల గొలుసు తీసి, కుదువబెట్టుకొమ్మని కోడలి చేతిలో పెట్టినది. "పోవచ్చునా, పోగూడదా, ఒక్క మాట వ్రాయుడు" అని యామె కోరిక.

పోవచ్చును. ఈ తీరున పోగూడదు. ఈ రెండు మాటలకు నడుమ చెప్పవలసినది చాల యున్నది గనుకను, ఇట్టి ప్రశ్నయే మఱి కొందఱి యిండ్లలోను నడచుచుండును గనుకను, ఈ మాసపు పుటల నన్నిటిని దానికే యిచ్చుచున్నాము.

ఇల్లు విడిచి దూరమునకు పోవుట పాలమూరు సీమకు క్రొత్త గాదు. ఆ ప్రాంతపు కూలీలు గుంపులుగా పోయి, ఎన్నో రాష్ట్రములలో ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టిరి. దేశమంతట "పాలమూరు లేబరు" అను పేరే యేర్పడినది. గుంపు మేస్త్రి ముందుగా కొంత పైకము ఇంటివారి చేతిలో పెట్టును. ఆ బాకీ తీరు వఱకు ఆలుమగలు అతడు చూపిన చోటనే పని చేయవలెను. కల్వకుర్తిలో పుట్టి పెరిగిన మన సోదరికి ఈ సంగతి మేము చెప్పనక్కఱ లేదు. కాని తన సంగతి దానికి తలక్రిందుగా నున్నదని యామె గమనించినట్లు లేదు. కూలివానికి మేస్త్రి ముందుగా నిచ్చెను. ఈమె ఏజెంటునకు ముందుగా తానే యిచ్చుచున్నది. కట్టుబడుట మాత్రము రెండు చోట్లను ఒక్కటియే. గొలుసు విడిపించునందాక, అది యెట్టి బడియైనను, ఎట్టి గదియైనను, నోరు మూసికొని యుండవలసి వచ్చును.

ఇందులో నింకొక విచిత్రము కలదు. 1983లో చేసిన వలసల చట్టము ననుసరించి, పదవ తరగతి యుత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు 18 దేశములకు పనికై పోవునపుడు, వలసదారుల సంరక్షణాధికారి వారి ఒడంబడికను, వీసాను చూచి అనుమతి యిచ్చిన గాని విమాన మెక్కరాదు. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన యను పేర పది లక్షల రూపాయల బీమాయు తప్పనిసరి. పదవ తరగతి దాటినవారికి ఈ పరీక్ష లేదు. చదువుకొన్నవారు తమ మేలు తామే చూచుకొందురని ప్రభుత్వపు తలంపు. నర్సుల విషయమున ఆ తలంపు పనికిరాకపోగా, 2015 నుండి వారెంత చదివినను ఆ దేశములకు పోవునపుడు అనుమతి పొందవలెనని నియమించిరి. ఉపాధ్యాయినుల కట్టి నియమము చేయలేదు. చదువుకొన్నవా రందఱును ఈ-మైగ్రేట్ పట్టికలో పేరు నమోదు చేసికొనవలెనని 2019 జనవరి నుండి విధింపదలచిరి గాని, పిదప దానిని ఆపి, ఇష్టమున్నవారు చేసికొనవచ్చు ననిరి. కావున చదువురాని తాపీపనివాని కాగితముల నొక అధికారి చూచును, ఎం.ఏ. చదివిన పంతులమ్మ కాగితములను చూచువా రెవ్వరును లేరు. డిగ్రీ యున్నది గనుక భయము లేదని యింటివారు ధైర్యము చెప్పుకొందురు. మా కైతే డిగ్రీ యుండుటచేతనే జాగ్రత్త యెక్కువగా కావలెనని తోచుచున్నది.

వీసా యనునది ఆ దేశపు గడప దాటుటకు సెలవు. పని చేయుటకు సెలవు వేఱు. దానినే వర్కు పర్మిట్టందురు. దుబాయి చేరియున్న ఎమిరేట్సు దేశమున దీనికై దరఖాస్తు చేయవలసినది పాఠశాలవారు గాని పంతులమ్మ గాదు, ఏజెంటును గాదు. ఉద్యోగిని చేవ్రాలు చేసిన నియామక పత్రము అచ్చటి మానవ వనరుల మంత్రిత్వ శాఖకు చేరి, పర్మిట్టు వచ్చినమీదట ప్రవేశానుమతి వచ్చును. దిగిన తరువాత వైద్య పరీక్ష, గుర్తింపు కార్డు, నివాసానుమతి. వాట్సాపులో వచ్చిన చిత్రము వీనిలో ఏదియు గాదు. విజిట్ వీసా మీద నొక్క గంట పాఠము చెప్పినను చట్టవిరుద్ధమే. 2024లో ఆ దేశమువారు చట్టమును సవరించి, పర్మిట్టు లేనివారిని పనిలో పెట్టుకొన్న యజమానికి లక్ష మొదలు పది లక్షల దిర్హముల వఱకు జరిమానా యేర్పఱచిరి. జరిమానా యజమానికి గదా, మనకేమి యనుకొనరాదు. జీత మీయక గెంటివేసిన నాడు, ఫలానా బడిలో నేను పని చేసితినని చూపుటకు మన చేతిలో నొక కాగితపు ముక్కయైన నుండదు.

ఇక ఆ లక్షా ఎనుబది వేల మాట. అవి దేనికి? ఎమిరేట్సు వారి 2021 నాటి కార్మిక చట్టము ప్రకారము ఉద్యోగిని రప్పించు ఖర్చును యజమాని యే భరింపవలెను. నేరుగా గాని డొంకతిరుగుడుగా గాని ఆమె వద్ద వసూలు చేయరాదు. మన దేశమునను, ప్రభుత్వ లైసెన్సు గల ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిపై నూటికి 18 వంతున పన్ను, వెరసి 35,400కు మించి పుచ్చుకొనరాదు; పుచ్చుకొన్న దానికి రసీదు నీయవలెను. లైసెన్సు లేనివాడు ఒక్క రూపాయి యడుగుటకును అర్హుడు గాడు. ఎవరికి లైసెన్సు కలదో ఈ-మైగ్రేట్ లో పేరు వెదకిన తెలియును.

ఈ సొమ్ము కట్టించుకొనుట గల్ఫులో మాత్రమే జరుగునని తలపవలదు. అమెరికాలో, మేరీలాండు రాష్ట్రమున ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ప్రభుత్వ పాఠశాలలవారు విదేశ ఉపాధ్యాయులచేతనే వీసా రుసుములు కట్టించినారని ఆ దేశపు కార్మిక శాఖ తేల్చినది. 2011లో 1,044 మందికి 42 లక్షల డాలర్లకు పైగా తిరిగి యిప్పించినది. వారిలో పెక్కురు ఫిలిప్పీన్సు దేశీయులు. న్యాయము జరిగిన దనుకొందమా, ఆ పాఠశాలలవారు రెండేండ్లు విదేశీయులను నియమింపరాదని నిషేధము పడగా, తప్పేమియు చేయని ఉపాధ్యాయులే అనేకులు వీసా పొడిగింపు లేక కొలువులు పోగొట్టుకొనిరి. తప్పుదారిని తీసికొనిపోయిన వానికి శిక్ష పడినను, దారిలో నిలిచిపోవునది వెంట నడచినవారే.

పట్టాల సంగతి కొంత విసుగైనది గాని విడువరాదు. పాలమూరు విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది. అంతకు ముందు చదివిన వారి పట్టాలు ఉస్మానియా పేర నుండును. ఏదైనను మొదట రాష్ట్ర ప్రభుత్వపు ముద్ర, పిదప విదేశాంగ శాఖ ముద్ర, ఎమిరేట్సునకైతే ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్ర కావలెను. ఒమానుకు 2012 నుండియు, సౌదీకి 2022 నుండియు విదేశాంగ శాఖవారి అపోస్టిల్ ముద్రయే చాలును. దీనికి వారములు పట్టును. కొలువు కుదిరిన తరువాత పరుగులెత్తుటకంటె ముందే చేయించుకొనుట మేలు.

పేరు విషయమున మన ఆడువారికి వచ్చు చిక్కు మగవారికి రాదు. పదవ తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి యింటిపేరు ఒక్క అక్షరముగా ముందుండును. డిగ్రీలో అది వెనుకకు పోవును. ఆధారు కార్డులో అత్తవారి యింటిపేరు చేరును. పాసుపోర్టులో ఇంటిపేరు గడి కొందఱికి ఖాళీగానే యుండును. ఈ నలుగురును ఒక్కతెయే యని పరదేశపు గుమాస్తా నమ్మవలెను గదా! ఒక్క పేరే యున్న పాసుపోర్టుతో విజిట్ వీసా మీద వచ్చువారిని రానీయమని ఎమిరేట్సువారు 2022 నవంబరులో ప్రకటించిరి కూడ. పాసుపోర్టు కార్యాలయమునకు హైదరాబాదు పోనక్కఱ లేదు. మహబూబునగరు తపాలా కార్యాలయములోనే పాసుపోర్టు సేవా కేంద్రము కలదు. పెండ్లియైన పిదప ఇంటిపేరు మార్చుకొనుట తప్పనిసరి కాదు. పట్టాలలో నున్న పేరునే, ఇంటిపేరును పూర్తిగా విప్పి, పాసుపోర్టులో నుంచుకొన్నవారు సుఖపడుదురు.

ఇంగ్లీషు చెప్పువారికి మాత్రమే యున్న అడ్డొకటి యీ సందర్భమున చెప్పవలెను. కొన్ని దేశములవారు ఇంగ్లీషు మాతృభాషగా గలవారినే ఉపాధ్యాయులుగా కోరుదురు. దక్షిణ కొరియా దేశము ఏడు దేశముల వారికే ఆ వీసా నిచ్చుచుండగా, 2010లో అమలునకు వచ్చిన మన దేశపు ఒప్పందము మూలమున, డిగ్రీయు, ఉపాధ్యాయ శిక్షణయు గల భారతీయులను ఇంగ్లీషు సహాయోపాధ్యాయులుగా తీసికొనుటకు దారి యేర్పడినది. చైనాలోనో, మఱియొక చోటనో ఇంగ్లీషు పంతులమ్మ కొలువు తేలికగా దొరకునని ఏజెంటు చెప్పినచో, మన పాసుపోర్టునకు ఆ దేశమువారు ఆ పర్మిట్టు నిత్తురా యని మొదట విచారింపవలెను.

ఇప్పుడు గొలుసు కడకు వత్తము. బంగారము కుదువబెట్టనే రాదని మేమనము. ఏజెంటు జేబునకై కుదువబెట్టుట వేఱు, తన చేతి సొమ్మునకై కుదువబెట్టుట వేఱు. బయలుదేరునాటికి మూడు నెలల తిండికి, బసకు, తిరుగు విమానపు టిక్కెట్టునకు చాలినంత పైకము ఆమె పేర, ఆమె మాత్రమే తీయగల చోట నుండవలెను. ఇది మా పిరికితన మని నవ్వుకొనువారికి ఇంగ్లండు సంగతి చెప్పెదము. అచ్చటికి కొలువునకై పోవువారు, యజమాని పూచీపడనిచో, 1,270 పౌనులు 28 దినములు వరుసగా తమ బ్యాంకులో నున్నట్లు చూపవలెను. మొదటి జీతము వచ్చులోపల ఎవరైనను ఇబ్బంది పడుదురని అంతటి ప్రభుత్వమే యెఱుగును.

జీతమెంత యని యడుగుట అందఱికి తెలియును. మూలవేతన మెంత యని యడుగువారు తక్కువ. ఎమిరేట్సు చట్టము ప్రకారము, ఏడాది నిండిన ఉద్యోగిని కొలువు మానునపుడు మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినముల చొప్పునను, ఆపైన 30 దినముల చొప్పునను సొమ్ము చెల్లింపవలెను. ఆ లెక్క మూలవేతనము మీదనే. నెలకు 4,000 దిర్హములని చెప్పి, అందు మూలవేతనము 2,000 అని వ్రాసినచో, ఏడాదికి వచ్చునది 1,400 దిర్హములు మాత్రమే. 3,000 అని వ్రాసినచో 2,100. ఐదేండ్లలో మూడువేల ఐదువందల దిర్హముల తేడా యొక్క అంకెలో దాగియున్నది. వేసవి సెలవుల జీతము, బసలో ఎందఱు కలిసి యుండవలెనో, ఏడాదికొక టిక్కెట్టిత్తురో లేదో, ఇవియన్నియు ఒడంబడికలో నుండవలెను. నోటి మాటలో గాదు. పాసుపోర్టును యజమాని తన యొద్ద నుంచుకొనరాదని అచ్చటి చట్టమే చెప్పుచున్నది.

పంపిన సొమ్ము ఎవరి పేర చేరవలెను? ఇది చాల యిండ్లలో అడుగని ప్రశ్న. పరదేశమున కొలువు చేయునపుడు ఇచ్చటి సాధారణపు పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను, అచ్చటి సంపాదన చేరుటకు ఎన్.ఆర్.ఇ. ఖాతా వేఱుగా తెఱువవచ్చును. దానిపై వచ్చు వడ్డీకి, ఆమె ప్రవాసిగా నున్నంత కాలము, మన దేశమున ఆదాయపు పన్ను లేదు. అందులో భర్తను చేర్చవచ్చును గాని, మొదటి పేరు ఆమెదిగనే యుండును. ఆమె అనంతరము గాని అది యతనిది కాదు. ఇంటి ఖర్చునకు నెలనెల కొంత పంపుట న్యాయమే. అంతయు దుకాణపు ఖాతాలో పోసి, రెండేండ్ల తరువాత నా సొమ్మేదని యడుగుట భార్యాభర్తల కిరువురకును కష్టమైన పని. ముందే మాటలాడుకొన్నచో కష్టము లేదు.

ఇదంతయు మేమా సోదరికి ముందే విడిగా వ్రాసి, ఏజెంటును మూడు సంగతు లడుగు మంటిమి: లైసెన్సు సంఖ్య, పాఠశాలవారు నేరుగా పంపు నియామక పత్రము, కట్టిన సొమ్మునకు రసీదు. సందేహమున్నచో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రమునకు 1800113090 సంఖ్యకు ఫోను చేయుమనియు, హైదరాబాదు మల్లేపల్లిలో రాష్ట్ర ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థయు, నగరముననే సంరక్షణాధికారి కార్యాలయమును గలవనియు తెలిపితిమి.

ఈ సంచిక అచ్చునకు పోవు వేళకు ఆమె రెండవ యుత్తరము వచ్చినది. లైసెన్సు సంఖ్య యడిగిన నాటి నుండి ఏజెంటు ఫోను తీయుట లేదట. ఫైలు ఖర్చులని మొదట పుచ్చుకొన్న పది వేలు తిరిగి రాలేదు. రసీదు లేదు గాని, ఫోనులో పంపిన చెల్లింపు జాడ యున్నది; దానిని పట్టుకొని ఫిర్యాదు వ్రాయుచున్నది. "పైసలు పోతే పోయినయి, పిల్ల పోలే" అని అత్తగారు గొలుసు మరల మెడలో వేసికొన్నదట. గల్ఫులోని భారతీయ పాఠశాలలు పెక్కు ఏప్రిలులో తెఱచును గనుక, ఈ లోపల పట్టాలకు ముద్రలు వేయించుకొని, పాఠశాలలకు తానే నేరుగా దరఖాస్తులు పంపెదనని యామె వ్రాసినది. దరఖాస్తు నమూనా నొకసారి చూచిపెట్టుడని పంపినది. చూచి, రెండు తప్పులు దిద్ది, తిరుగు టపాలో పంపితిమి.