పది పాసైనవాళ్ళ పండగ

సంక్రాంతి వెళ్ళిపోయింది గానీ ఫ్లెక్సీలు ఇంకా దిగలేదు. చిలకలూరిపేట నుంచి పర్చూరు మీదుగా చీరాల దాకా పోయి చూడండి, ఏ ఊరి హైస్కూలు గేటుకైనా ఒకటి వేలాడుతూ ఉంటుంది. ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’. పైవరసలో గురువుల ఫొటోలు చిన్నవి, కిందివరసలో దాతల ఫొటోలు పెద్దవి. ఈ పండక్కి నేనూ అలాంటి సభ ఒకదానికి వెళ్ళాను. పులిహోర బాగుంది. మిగతా వ్యవహారం మీదే నా పేచీ.

పరిచయాలు మొదలయ్యాయి. డాలస్ నుంచి వచ్చినాయన పావుగంట మాట్లాడాడు. ఉద్యోగం, ఇల్లు, పెద్దమ్మాయి యూనివర్సిటీ, చిన్నవాడి గిటారు. హైదరాబాదు వాళ్ళు తలా ఐదు నిమిషాలు. ఆడవాళ్ళలో చాలామంది తమ సంగతి వదిలేసి ఆయన గారు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పి కూర్చున్నారు. చివరి వరసలోంచి ఒకాయన లేచాడు. మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని ‘వ్యవసాయం’ అన్నాడు, పక్కవాడికి అందించేశాడు. సొంతమా కౌలా, పత్తా మిరపా, నిరుడు మిగిలిందా మునిగిందా, ఒక్కరూ అడగలేదు. ‘మన అన్నదాతకు గట్టిగా చప్పట్లు’ అన్నాడు వ్యాఖ్యాత. కొట్టారు కూడా. ఆ చప్పట్లకే నాకు ఒళ్ళు మండింది.

వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే వరస. 2025 సెప్టెంబరులో ట్రంపు కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లన్నప్పుడు గ్రూపులకు రాత్రంతా నిద్ర లేదు. ఎవరి వీసా ఎంతదాకా ఉందో, ఎవరు విమానం ఎక్కొచ్చో ఎక్కకూడదో అందరికీ కావలసి వచ్చింది. తప్పేం లేదు, చిన్ననాటి స్నేహితులు కదా. మరి అదే ఏడాది ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి ధర కూలినప్పుడు ఈ స్నేహం ఎక్కడికి పోయింది? అంతకుముందు మేలు రకం ఇరవై వేల దాకా పలికిన సరుకుకు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలు 11,781 రూపాయలని లెక్క కట్టింది. ఆ వారమంతా గ్రూపులో గులాబీ పూలు, శుభోదయాలు. కాయ అమ్మావా, ఏసీ గోదాములో పెట్టావా అని అడిగినవాడు లేడు.

అయినా మైకు దాకా వచ్చినాయన నయం. అసలు పిలుపే అందనివాళ్ళ సంగతి చూడండి. మన బ్యాచ్ లెక్క పదో తరగతి హాల్‌టికెట్టుతో మొదలవుతుంది. ఆరో తరగతిలో బెంచీలు చాలక నేల మీద కూర్చున్నాం. పదికొచ్చేసరికి బెంచీలు ఖాళీ. ఆ మధ్యలో జారిపోయినవాళ్ళు ఎటు పోయారు? పత్తి తీతలకు, మిరప కోతలకు పోయారు. తొమ్మిదిలో ఉండగా పెళ్ళయిపోయిన అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో ఎవరికీ తెలియదు. వాళ్ళదీ మన బడే, మన పంతుళ్ళే, మన బెత్తం దెబ్బలే. ఇప్పటికీ జనవరి వస్తే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో మన చేలకు దిగుతారు. ఆ పిల్లలు ఏ బడికి పూర్వ విద్యార్థులవుతారు?

టంగుటూరి ప్రకాశం ఒంగోలులో చదివేటప్పుడు పరీక్ష ఫీజు మూడు రూపాయలకు దిక్కులేకపోతే, పూటకూళ్ళ ఇల్లు నడిపే తల్లి సుబ్బమ్మ పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆమె పెట్టెలో ఆ చీర లేకపోతే ఆంధ్రకేసరి లేడు, ప్రకాశం జిల్లాకు ఆ పేరూ ఉండేది కాదు. చీరల్లేని తల్లుల పిల్లలే మనం పిలవడం మరిచిన క్లాస్‌మేట్లు.

తాడికొండ గురుకులం వాళ్ళు కలుసుకుని గర్వపడితే అర్థముంది. 1972లో పెట్టిన ఆ బడి పరీక్ష రాయించి పల్లెటూరి పిల్లల్ని ఏరుకుంది, తిండీ బసా చూసుకుంది. అది గ్రేడు చేసిన కాయ. జిల్లా పరిషత్ హైస్కూలు అలా కాదు, తాలుతో సహా కల్లం మొత్తం. యార్డులో తాలుకు కూడా ఓ ధర కడతారు. మన సమ్మేళనాల్లో ఆపాటి మర్యాదా లేదు.

ఇక బడి గేట్ల మీద దాతలు కట్టించే ఆర్చీలు! బడి పేరుకంటే దాత పేరు లావు అక్షరాల్లో. లోపలికి పోతే వెనకటి బ్యాచ్ ఇచ్చిన మంచినీళ్ళ ప్లాంటు, ఫిల్టరు మార్చేవాడు లేక, పాత బెంచీలు పేర్చుకునే గది అయింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళు రావు. దాని మీద పేరు రాయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు గదా, అందుకే రావు. వేదిక మీద మాత్రం శాలువా మీద శాలువా. తొంభై ఏళ్ళ మాస్టారు ఆ ఎండలో ఎన్నని మోస్తారు?

ఇంతకీ ఈ దాతల్లో ఎవరి పిల్లలు జిల్లా పరిషత్ బడిలో చదువుతున్నారు? పక్కూళ్ళో ఉన్నవాళ్ళ పిల్లలు సైతం తెల్లారగానే ప్రైవేటు బడి పచ్చబస్సో పసుపుబస్సో ఎక్కేస్తున్నారు. పిల్లలు అక్కడ లేరు గనక ఆ బడికి ఏమైనా మనకు పట్టదు. 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతుల్ని ఊరిబడుల్లోంచి తీసి హైస్కూళ్ళకు తోలారు. 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ మూడేళ్ళలో ఏ పూర్వ విద్యార్థుల సంఘమైనా కలెక్టరాఫీసుకు ఒక కాగితం పట్టుకెళ్ళిందా? నా చెవిన పడలేదు. 2024 డిసెంబరు 7న బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు ముఖ్యమంత్రే వచ్చి తల్లిదండ్రులతో కూర్చున్నారు. అలాంటి సభలో నిలబడి అడగడానికి ముందు మన పిల్లలు అక్కడ ఉండాలి.

వచ్చే ఏడు సభ పెట్టేవాళ్ళకు ఒక మాట. హెడ్మాస్టరు గారిని అడిగి ఆరో తరగతి హాజరు పట్టీ బయటికి తీయించండి, అందులో ఉన్న ప్రతి పేరుకూ కబురు చేయండి. శాలువాల డబ్బులతో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళ మోటారు బిగించండి. తేదీ ఏప్రిల్ చివర్లో, కోతలయ్యాక పెట్టండి. జనవరిలో ఒక రోజు మానితే కూలి పోతుంది. డాలస్ వాళ్ళకు ఏప్రిల్‌లో సెలవు దొరకదంటారా, వాళ్ళకు జూమ్ ఉంది.