నెత్తురు చెప్పే నరం కబురు

వేళ్లకు తిమ్మిరి పడితే తప్పు నరానిదా, రక్తానిదా? వేలి కొసన ఆ రెండింటినీ విడదీసి చూడటం కష్టం. అందుకే అక్కడ నెత్తురు పారే తీరును కొలిచి, దాన్ని నడిపించే నరం ఎలా ఉందో తెలుసుకునే పద్ధతులు వచ్చాయి.

సెలైన్ పెట్టడానికొచ్చిన నర్సు చేతిమీద నాలుగుచోట్ల తట్టి చూసి, 'నరం దొరకట్లేదండీ' అంటుంది. పొద్దున లేచేసరికి చెయ్యి మొద్దుబారితే ఇంట్లో పెద్దవాళ్లు, 'నరం పట్టేసినట్టుంది, కాసేపుంటే అదే సర్దుకుంటుంది' అంటారు. నర్సు వెతికింది రక్తం పారే సిర కోసం. పెద్దవాళ్లు చెప్పింది మెదడుకీ చేతికీ మధ్య కబుర్లు మోసే నరం గురించి. రెండూ పూర్తిగా వేర్వేరు. అయినా మన వాడుకలో రెండూ నరాలే!

డాక్టర్లు ఈ మాటను సరిదిద్దుతూనే ఉంటారు. కబుర్లు మోసేది నరం, రక్తం పారేది రక్తనాళం అని. కానీ వేలి కొసకు వచ్చేసరికి ఆ రెండింటికీ విడదీయలేని బంధం. అక్కడి రక్తనాళాలు నరం చెప్పినట్టు వింటాయి. నరం దెబ్బతింటే రక్తప్రవాహం తీరూ మారిపోతుంది. ఆ మార్పును కొలవగలిగితే, కంటికి కనిపించని నరం లోపల ఏం జరుగుతోందో కొంతైనా తెలుస్తుంది.

వేలి కొసన కుళాయిలు

ఒంట్లో వేడిని బయటికి పంపే రేడియేటర్ల లాంటివి మన వేళ్లు. వేలి కొస చర్మంలో ధమనుల నుంచి సిరల్లోకి నేరుగా వెళ్లే అడ్డదారులు చాలా ఉంటాయి. ఎండలో తిరిగినప్పుడు అవి తెరుచుకుంటాయి. రక్తం చర్మంలోకి పొంగి, వేడి బయటికి పోతుంది. చలివేస్తే మూసుకుంటాయి. వేళ్లు చల్లబడి పాలిపోతాయి కానీ ఒంట్లో వేడి వృథాగా పోదు. ఈ కుళాయిల్ని తిప్పేవి సింపథెటిక్ నరాల సన్నటి పోగులు. మన ప్రమేయం లేకుండానే రాత్రీపగలూ వాటి పని అవి చేసుకుపోతుంటాయి.

ఈ పోగులకు వేరే దారంటూ లేదు. స్పర్శ తెలిపే పోగులు, కండరాలను కదిలించే పోగులతో కలిసి ఒకే కేబుల్‌లో వస్తాయి. మణికట్టు మధ్యలోంచి వచ్చే మీడియన్ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్లతోపాటు ఉంగరపు వేలిలో సగాన్ని చూసుకుంటుంది. చిటికెన వేలూ, ఉంగరపు వేలిలో మిగతా సగమూ అల్నార్ నరం బాధ్యత. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు జివ్వుమని షాక్ కొట్టినట్టు చేసేది ఇదే!

నరానికీ రక్తానికీ ఉన్న ఈ లంకె బయటపడింది కుందేలు చెవిలో. 1851లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలో సింపథెటిక్ నరాన్ని కోసి చూశాడు. ఆ వైపు చెవి చల్లబడుతుందని ఆయన అనుకుంటే, వేడెక్కింది. కుళాయి బిగించే చెయ్యి లేకపోయేసరికి నెత్తురు పొంగుకొచ్చిందన్నమాట.

మణికట్టు దగ్గర గాజుపెంకు కోసుకుని నరం తెగినవాళ్లకూ ఇలాగే అవుతుంది. మొదటి కొన్ని వారాలు ఆ నరం కిందికొచ్చే వేళ్లు ఎర్రగా, వెచ్చగా ఉంటాయి. చెమట పట్టక పొడిబారిపోతాయి. ఆ తర్వాత కథ తిరగబడుతుంది. వేళ్లు చల్లబడిపోతాయి. చన్నీళ్లు తగిలినా ఓర్చుకోలేని పరిస్థితి కొందరిని ఏళ్ల తరబడి వేధిస్తుంది.

రిపోర్టు నార్మల్... బాధ మాత్రం ఉంది!

చేతి తిమ్మిరితో ఆస్పత్రికెళ్తే సాధారణంగా చేసే పరీక్ష నర్వ్ కండక్షన్. నరానికి చిన్న కరెంటు దెబ్బ తగిలించి, ఆ కబురు ఎంత వేగంగా పోతోందో చూస్తారు. చాలా ఉపయోగపడే పరీక్షే. కాకపోతే అది పట్టుకునేది వేగంగా కబుర్లు మోసే లావుపాటి పోగుల్ని మాత్రమే. నొప్పినీ, వేడినీ తెలిపేవీ, రక్తనాళాలనూ చెమటనూ నడిపించేవీ సన్నటి పోగులు. వాటి గోడు ఆ రిపోర్టులో ఉండదు.

దాంతో కొందరి పరిస్థితి ఇరకాటంలో పడుతుంది. వేళ్లు మండుతుంటాయి, రంగు మారుతుంటాయి, చల్లటి గ్లాసు పట్టుకోవాలంటే ప్రాణం పోతుంది. రిపోర్టు మాత్రం నార్మల్! 'అంతా నీ భ్రమ' అనేస్తారు ఇంట్లోవాళ్లు. పనిచేసే చోట 'ఎగ్గొట్టడానికి వేషాలు' అంటారు. కుట్టుమిషన్ మీదో, కంప్యూటర్ మీదో, కూలిపని మీదో బతికేవాళ్లకు అది చిన్న మాట కాదు. వేలి కొసన రక్తప్రవాహాన్ని కొలిచే పరీక్ష అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

గట్టిగా ఊపిరి పీల్చండి!

దగ్గరికొస్తున్న రైలు కూత కీచుగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా. ఆ తేడా ఎందుకొస్తుందో 1842లోనే క్రిస్టియన్ డాప్లర్ చెప్పాడు. కాంతి విషయంలోనూ అంతే. చర్మంలోకి పంపిన లేజర్ కాంతి కదులుతున్న ఎర్ర రక్తకణాలను తాకి వెనక్కొచ్చేటప్పుడు దాని పౌనఃపున్యం కాస్త మారుతుంది. ఆ మార్పును బట్టి చర్మంలో నెత్తురు పారే తీరు తెలుసుకోవచ్చని 1975లో ఎం.డి.స్టెర్న్ చూపించాడు. అదే లేజర్ డాప్లర్.

పరీక్షలో సూదీ ఉండదు, కోతా ఉండదు. ఒకే ఉష్ణోగ్రత ఉన్న గదిలో రోగిని కాసేపు స్థిమితంగా కూర్చోబెడతారు. వేలి మెత్తటి భాగానికి చిన్న ప్రోబ్ అంటిస్తారు. అది చూసేది సుమారు ఒక మిల్లీమీటరు లోతు వరకే. ముందు కొన్ని గంటలపాటు కాఫీ, టీ, సిగరెట్ బంద్. ఎందుకంటే వేలి రక్తప్రవాహం మహా చంచలం. గది చల్లబడితే తగ్గుతుంది, కంగారుపడితే తగ్గుతుంది, చెయ్యి కదిపితే లెక్కే తప్పుతుంది. పైగా యంత్రం చూపించేది మిల్లీలీటర్లు కాదు, తనదైన ఓ కొలమానం. కాబట్టి ఒక్క అంకె చూసి ఏదీ తేల్చలేం.

మరేం చూస్తారు? కదిలించి చూస్తారు. 'ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చండి' అంటారు. ఆరోగ్యంగా ఉన్న నరమైతే కొద్ది సెకన్లలోనే కుళాయి బిగిస్తుంది. తెరమీద గీత గబుక్కున కిందికి పడి, మళ్లీ మెల్లగా పైకి లేస్తుంది. లేదా రెండో చేతిని చన్నీళ్లలో పెట్టమంటారు. ఆ చెయ్యి తడిస్తే ఈ చేతి వేలిలోనూ నెత్తురు తగ్గాలి. గీత కదలకుండా అలాగే ఉండిపోయిందంటే ఆదేశం వేలి దాకా చేరట్లేదని అనుమానించాలి. లోపం రక్తనాళంలోనే ఉందేమోనన్నదీ చూడాలి కదా! అందుకు ప్రోబ్ కింది చర్మాన్ని కొద్దిగా వేడిచేస్తారు. అప్పుడు ప్రవాహం బాగా పెరిగితే నాళం సక్రమంగా ఉన్నట్టే.

పోల్చడానికి ఇంకెవరో అక్కర్లేదు. మీడియన్ నరం మీద అనుమానం ఉంటే చూపుడువేలిని అదే చేతి చిటికెన వేలితో, ఆ పైన రెండో చేతితో పోలుస్తారు.

కరోనా రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సిమీటర్‌దీ ఇలాంటి కాంతి విద్యే. కొన్నింట్లో 'పీఐ' అని మరో అంకె కనిపిస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలోకొచ్చే రక్తపు పొంగుకు అది గుర్తు. చేతులు చల్లబడితే అది పడిపోతుంది. అంతమాత్రాన దాన్ని చూసి ఇంట్లో నరాల జబ్బులు తేల్చుకోకూడదు.

ఎవరికి ఉపయోగం?

మణికట్టులో ఓ ఇరుకు సొరంగం ఉంది. 9 స్నాయువులూ మీడియన్ నరమూ అందులోంచే దూరి రావాలి. అక్కడ వాపొచ్చి నరం నలిగితే కార్పల్ టనెల్ సిండ్రోమ్. మధ్యవయసు ఆడవాళ్లలో, గర్భిణుల్లో, షుగర్, థైరాయిడ్ సమస్యలున్నవాళ్లలో ఎక్కువ. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువొచ్చి చెయ్యి విదిలించుకోవడం దీని గుర్తు. వీరిలో కొందరికి వేళ్లు చల్లబడటం, పాలిపోవడం కూడా ఉంటాయి. సన్నటి పోగులు కూడా నలిగాయా అన్నది చెప్పడానికి రక్తప్రవాహ పరీక్ష పనికొస్తుంది. షుగర్ ఉంటే రెండు చేతుల్లోనూ స్పందన తగ్గొచ్చు. అప్పుడు మణికట్టు ఒక్కదాన్నే తప్పుపట్టలేం.

తెగిన నరాన్ని కుట్టాక అది పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొసకు చేరాలంటే నెలలు పడుతుంది. ఊపిరి పీల్చగానే గీత మళ్లీ కిందికి పడటం మొదలైతే, సన్నటి పోగులు గమ్యం చేరుతున్నట్టు ఆశపడొచ్చు.

కుష్ఠు సంగతి మరీ ముఖ్యం. ఆ సూక్ష్మజీవి గురి నరాల మీదే. 1940ల చివర్లో వెల్లూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఓ సంగతి తేల్చిచెప్పారు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవి రాలిపోవు, నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని, పుండ్లు పట్టించుకోక పోగొట్టుకుంటారని. 1990ల మొదట్లో లేజర్ డాప్లర్‌తో జరిగిన పరిశోధనల్లో కుష్ఠు రోగుల వేలి కొసల్లో ఈ రక్తనాళాల స్పందన మందగించినట్టు తేలింది. జాతీయ స్థాయిలో ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును 2005 చివరికి అదుపు చేశామని ప్రకటించుకున్నా, 2022-23లో దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. నరం దెబ్బతింటోందని ఎంత ముందు తెలిస్తే అన్ని వేళ్లు దక్కుతాయి.

ఇక రాళ్లు తొలిచే డ్రిల్లింగ్ మిషన్లు పట్టేవాళ్లు. అదురు వేళ్లలోని నరాలనూ రక్తనాళాలనూ రెండింటినీ దెబ్బతీస్తుంది. చలికి వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడే ఈ జబ్బును అమెరికాలోని ఇండియానాలో సున్నపురాయి కార్మికుల్లో 1918లోనే ఆలిస్ హామిల్టన్ నమోదు చేసింది. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో మిషన్ పట్టేవాళ్లూ తెలుసుకోవాల్సిన విషయమిది.

నీళ్లలో నానితే...

యంత్రమే లేకపోతే? దానికీ ఓ ఉపాయం ఉంది. బట్టలుతికాక వేలి కొసలు ముడతలు పడటం అందరికీ తెలుసు. నరం తెగిన వేలు ఎంత నానినా ముడతపడదని 1973లో ఐర్లాండ్ సర్జన్ ఒరియన్ చెప్పాడు. 40 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి చూడటమే పరీక్ష. 2003లో సింగపూర్ పరిశోధకులు దీని గుట్టు చెప్పారు. నానినప్పుడు వేలిలో రక్తనాళాలు ముడుచుకోవడంవల్లే పైచర్మం ముడతపడుతుందట. అంటే ఇదీ రక్తప్రవాహ పరీక్షే! తిమ్మిరి గురించి చెప్పలేని చిన్నపిల్లల్లో బాగా పనికొస్తుంది. స్పర్శ లేని చేతిని మాత్రం ఇంట్లో వేణ్నీళ్లలో పెట్టకండి. కాలినా తెలియదు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

లేజర్ డాప్లర్ అన్ని ఆస్పత్రుల్లోనూ చేసే పరీక్ష కాదు. ఎక్కువగా పరిశోధనల్లో వాడతారు. రోగి మాట, డాక్టరు చేతి పరీక్ష, నర్వ్ కండక్షన్... వీటికి అది తోడే తప్ప బదులు కాదు. యంత్రం లేకపోయినా అది చూసే సంగతుల్లో కొన్నింటిని మీరే గమనించి చెప్పొచ్చు. తిమ్మిరి ఏయే వేళ్లకు? రాత్రిపూటా, పనిలోనా? చలికి రంగు మారుతున్నాయా? ఒక వేలు మిగతా వాటికంటే చల్లగానో, వెచ్చగానో ఉంటోందా? చెమట పట్టడం మానేసిందా? కాలిన మచ్చ కనిపించేదాకా కాలినట్టే తెలియలేదా?

చివరి రెండింట్లో దేనికి 'అవును' అన్నా ఆలస్యం చేయొద్దు. వాటితోపాటు ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కూడా ఉంటే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుష్ఠు అని తేలితే మందులు అక్కడ ఉచితం.