ఇంటి కొలతలో గోడలను మరువరాదు

పొలానికి గట్లున్నాయి, సర్వే నంబరుంది. ఇంటికి మాత్రం చాలామంది దగ్గర చిన్న పటం కూడా ఉండదు. అన్నదమ్ములు వాటాలు పంచుకునే రోజునో, ఇల్లు అమ్మే రోజునో టేపు కోసం వెతుకుతారు. తొందరలో పట్టిన కొలత తర్వాత తగాదాకు దారి తీస్తుంది.

మొదటి పొరపాటు గోడల మందం వదిలేయడం. వరుసగా మూడు గదులున్న మట్టి ఇంటికి అడ్డగోడలు నాలుగుంటాయి. ఒక్కో గోడ అడుగున్నర మందమైతే, గదుల లోపలి కొలతలు మాత్రమే కూడినప్పుడు 6 అడుగులు లెక్కలోకి రావు. ఇంటి లోతు 30 అడుగులైతే, అది 20 చదరపు గజాలు!

రెండో పొరపాటు మూలలు చూడకపోవడం. 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు గల గదిలో ఐమూలగా ఎటు కొలిచినా 15 అడుగులు రావాలి. రాకుంటే గది వంకరగా ఉన్నట్టే. పటం కూడా అలాగే గీయాలి. సాగిపోయిన గుడ్డ టేపుతో కొలవరాదు.

గ్రామాల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకం 2020లో మొదలైంది. పైనుంచి చూసే డ్రోనుకు కప్పు కింది గోడలు కనబడవు. ఆ కొలత ఇంటివారే వేసుకోవాలి. వాటాదారులందరి ఎదుట కొలిచి, పటం మీద తేదీ వేసి, సంతకాలు చేసి, దస్తావేజులతో పాటు దాచుకోవాలి. అందరూ ఒక్క పొయ్యి మీద వండుకుంటున్నప్పుడే ఈ పని తేలిక.